అప్‌డేట్: ప్రమేయం అవునా కాదా, సూర్యాపేట తేల్చింది

లెక్కల్లో ఒక సంబంధం (రిలేషన్) ప్రమేయమో (ఫంక్షన్) కాదో ఇంటర్ పిల్లలకు ఎట్లా చెప్పాలని ఇంతకుముందు అడిగిన కదా. ప్రమేయమంటే మొదటి గుంపులో ప్రతి దాని నుంచీ బాణం పోవాలె, అదీ ఒక్కటే పోవాలె. ఊరి నుంచి జిల్లాకు బాణాలు గీయించమన్న సలహానే పట్టుకున్న. మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ మూడూ నల్లగొండకే పోతయి, అయినా ప్రమేయమే. సగం మంది ఇక్కడే కాదంటుండె. బాణాలు తిప్పితే నల్లగొండ నుంచే మూడు బయల్దేరినయి, అది కాదు.

అసలు మజా సూర్యాపేటతో వచ్చింది. ఒకరు నల్లగొండకు, ఇంకొకరు సూర్యాపేటకు బాణం గీసిన్రు. 2016లో జిల్లా వేరయింది మరి! రెండూ ఉంచితే ప్రమేయం కాదు. రెండూ తుడిపేస్తే ప్రదేశంలో (బాణాలు మొదలయ్యే గుంపు, డొమైన్) ఉన్న ఊరికి ప్రతిబింబమే (బాణం చేరే చోటు) లేదు, అప్పుడూ కాదు. ఈ రెండో షరతు నేను చెప్పకముందే వాళ్లే పట్టిన్రు.

వై² = ఎక్స్ గ్రాఫును నిలువు గీత రెండు చోట్ల కోస్తది, అంటే ఒక ఎక్స్‌కు రెండు వైలు, కాబట్టి ప్రమేయం కాదని చెప్పుడు తర్వాత ఐదు నిమిషాల పని.