మొక్కజొన్నలో బెట్టను పొలంలోనే ఎలా కొలవాలి?

అందరికీ నమస్కారం. మొక్కజొన్న బెట్టకు ఎంత గురవుతోందో సీజన్ పొడవునా కొలిచి రాసుకోవాలనుకుంటున్నాను. పంట చేతికొచ్చాక దిగుబడి చూసి తెలుసుకుంటే ఏం లాభం?

ఇప్పటికి ఆకులు చుట్టుకోవడానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తున్నాను. చిక్కేమిటంటే, మిట్టమధ్యాహ్నం గొట్టంలా చుట్టుకున్న ఆకు సాయంత్రానికి మళ్లీ విచ్చుకుంటుంది. పొద్దున్నే కూడా చుట్టుకునే ఉంటే అది గట్టి దెబ్బే అని నా అంచనా. మరి మార్కులు ఏ వేళకి వేయాలి? పైగా కొన్ని రకాలు కాస్త ఎండకే ఆకు ముడుస్తాయి, వాటిని మిగతావాటితో ఎలా పోల్చాలి?

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఆకుల వేడి కూడా చూస్తున్నాను. నీరందని మొక్క ఆకు రంధ్రాలు మూసుకుంటుంది కాబట్టి ఆకు వేడెక్కుతుంది, అంతవరకు సరే. కానీ సాళ్ల మధ్య నేల కనబడితే రీడింగ్ ఒక్కసారిగా పెరిగిపోతోంది. మబ్బు పట్టినా, గాలి వీచినా మారిపోతోంది. పక్కనే బాగా తడిపిన సాళ్లు ఉంచి, వాటితో తేడా చూస్తే సరిపోతుందా? గాలిలో తేమ కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందేనా?

అసలు టెన్షన్ పూత దశ గురించే. పుప్పొడి రాలడానికీ పీచు రావడానికీ మధ్య రోజులు పెరిగితే గింజ కట్టడం తగ్గుతుంది. అది లెక్కించడం తేలికే, కానీ అప్పటికే ఆలస్యం. అంతకుముందే పసిగట్టడానికి మీరు దేన్ని నమ్ముతారు: నేల తేమ సెన్సారా, ఆకు వేడా? సెన్సారయితే ఎంత లోతులో పెట్టాలి? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.