పడ్డలకి ఏఎంహెచ్ టెస్ట్ చేయిస్తే ఉపయోగం ఉంటుందా?

ప్రశ్న: ముర్రా గేదె పడ్డలున్నాయి, వయసొచ్చినా కొన్ని ఇంకా ఎదకి రాలేదు. రక్తంలో ఏఎంహెచ్ అనే హార్మోన్ చూస్తే ఏది బాగా చూడి కడుతుందో ముందే తెలుస్తుందంటున్నారు, నిజమేనా? దాన్ని బట్టి కొన్నింటిని అమ్మేయొచ్చా?

జవాబు 1: తొందరపడి అమ్మకండి. ఏఎంహెచ్ అండాశయంలో పెరిగే చిన్న ఫాలికల్స్ (అండాలుండే తిత్తులు) నుంచి వస్తుంది, కాబట్టి అండాల నిల్వ ఎంతుందో చెప్తుంది అంతే. ఎద చక్రంలో ఏ రోజు తీసినా పెద్దగా మారదు, ఒక్క శాంపిల్ చాలు, అదొక్కటి మాత్రం చాలా మంచి విషయం. కానీ గేదెలకి మామూలుగానే ఆవుల కన్నా ఫాలికల్స్ తక్కువ, ఏఎంహెచ్ కూడా తక్కువే, ఆవుల కొలతతో పోల్చి చూస్తే మంచి పడ్డ కూడా పనికిరానిదిలా కనిపిస్తుంది.

జవాబు 2: ఎదకి రాలేదంటున్నారుగా, ముందు రక్తంలో ప్రొజెస్టెరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) చూపించండి, 10 రోజుల తేడాతో రెండుసార్లు. రెండూ తక్కువుంటే చక్రం ఇంకా మొదలవలేదు, ఒక్కదాంట్లో ఎక్కువున్నా ఎద వచ్చిపోతోంది మనకే కనబడట్లేదు, గేదెల్లో మూగ ఎద చాలా ఎక్కువండీ.

ప్రశ్న అడిగినవారు: మరి ఏఎంహెచ్ ఎవరికి పనికొస్తుంది?

జవాబు 1: ఐవీఎఫ్‌కి (ల్యాబ్‌లో పిండాలు తయారుచేయడానికి) అండాలిచ్చే గేదెల్ని ఎంచుకునేవాళ్ళకి. మీరైతే బరువు, మేత, మినరల్ మిక్చర్, నట్టల మందు సరిచూసుకుని డాక్టర్‌తో గర్భసంచి, అండాశయాలు స్కాన్ చేయించండి.