ఐఓసీ (అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ) సభ్యురాలిగా ఉంటూ వికెన్‌హైజర్ బయట మాట్లాడటం సబబేనా?

గోదారిగట్టు:
హేలీ వికెన్‌హైజర్ కెనడా ఐస్ హాకీ దిగ్గజం. 2002 నుంచి 2014 వరకు వరుసగా నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు. ఫిన్లాండ్‌లో మగవాళ్ల ప్రొఫెషనల్ లీగ్‌లోనూ ఆడి గోల్ కొట్టారు. 2017లో రిటైరై, కాల్గరీ యూనివర్సిటీలో మెడిసిన్ చదివి 2021లో పట్టా తీసుకున్నారు. ఇదంతా గొప్పే. కానీ 2020 మార్చి 17న, కరోనా ఉన్నా టోక్యో ఒలింపిక్స్ అనుకున్నట్టే జరుగుతాయని ఐఓసీ అంటే, అది బాధ్యత లేని మాట అని ఆమె ట్విట్టర్‌లో రాసేశారు. అప్పుడామె ఐఓసీలో అథ్లెట్ల తరఫున మాట్లాడే అథ్లెట్స్ కమిషన్ సభ్యురాలు. లోపల చెప్పాల్సింది బయట చెప్పొచ్చా? పైగా అప్పటికింకా మెడికల్ స్టూడెంటే. ఎడ్మంటన్ ఆయిలర్స్ ఐస్ హాకీ జట్టుకు ఆడిన రాండీ గ్రెగ్‌లా అప్పటికే డాక్టరైనవాళ్లు అంటే వేరు.

తెల్లకోటు:
పట్టా సంగతి పక్కన పెట్టండి. ఆ వారం దాకా ఆమె ఎమర్జెన్సీ వార్డులోనే ఉన్నారు. అంతకన్నా ముఖ్యం, ఆటగాళ్ల మనసు ఆమెకు తెలుసు. పోటీల తేదీ మారనంత కాలం ఏ అథ్లెటూ ఇంట్లో కూర్చోడు. జిమ్ మూసేస్తే తెరిచి ఉన్న ఇంకో జిమ్ వెతుక్కుంటాడు, సెలక్షన్ పోతుందన్న టెన్షన్‌తో విమానం కూడా ఎక్కుతాడు. "ఇంట్లో ఉండండి" అని ప్రభుత్వాలు చెబుతుంటే, "ప్రాక్టీస్ ఆపకండి" అన్నట్టుంది ఐఓసీ మాట. ఈ ప్రమాదం ఒట్టి డాక్టరుకో, ఒట్టి ప్లేయరుకో అంత త్వరగా తట్టదు. ఆమెకు తట్టింది, చెప్పారు.

గోదారిగట్టు:
ఆమె చెప్పింది తప్పనడం లేదండీ. మార్చి 22న కెనడా తన జట్టును పంపనంది, 24న ఒలింపిక్స్ వాయిదా పడ్డాయి. అది చాలా దేశాల ఒత్తిడి వల్ల జరిగింది, ఒక్క ట్వీట్ వల్ల కాదు. కమిటీలో ఉన్నవాళ్లంతా ఇలా బయటికొచ్చి మాట్లాడితే ఇక కమిటీ ఎందుకు? నా గొడవంతా పద్ధతి గురించే.

తెల్లకోటు:
ట్వీట్ వల్లే వాయిదా పడిందని నేనూ అనను. కానీ పద్ధతి కోసం ఎన్నాళ్లు ఆగాలి? అదే మార్చిలో లండన్‌లో బాక్సింగ్ ఒలింపిక్ క్వాలిఫయర్స్ 14న మొదలుపెట్టి 16న ఆపేశారు. అక్కడికి వెళ్లొచ్చిన బాక్సర్లలో కొందరికి తర్వాత కరోనా తేలింది. అథ్లెట్ల తరఫున మాట్లాడమని 2014లో అథ్లెట్లే ఓటేసి పంపిన మనిషి ఆమె. ఆమె జవాబు చెప్పుకోవాల్సింది ముందు వాళ్లకి, ఆ తర్వాతే కమిటీకి.