సముద్ర రక్షిత ప్రాంతం పటంలో మనుషుల విలువలకు చోటు ఎలా ఇవ్వాలి?

నమస్కారం. ఒక సముద్ర రక్షిత ప్రాంతానికి ముసాయిదా రాసే బృందంలో ఉన్నాను. అనుభవం ఉన్నవారి సలహా కావాలి.

మేం మార్క్సాన్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి, చేపలు గుడ్లు పెట్టే చోట్లు ఒక్కొక్కటి ఎంత శాతం కాపాడాలో చెబితే, పటాన్ని చిన్న గళ్లుగా విడగొట్టి, తక్కువ ఖర్చుతో ఆ లక్ష్యాలు తీరే గళ్లను అది ఎంచి ఇస్తుంది. ఖర్చు కింద మేం, ఆ గడిలో వేట ఆపితే పోయే పడవల దిగుబడిని పెట్టాం. చిక్కంతా అక్కడే. నీరు వెనక్కి తగ్గినప్పుడు ఆడవాళ్లు నడిచి వెళ్లి ఆల్చిప్పలు, పీతలు ఏరుకునే బురద మేటలకు తూకం లెక్కలు లేవు. దాంతో ఆ గళ్లకు ఖర్చే లేనట్టు కనబడి, దాదాపు ప్రతి పటంలోనూ వేట నిషేధంలోకి పోతున్నాయి. మొత్తం నష్టం తక్కువేనని చెప్పి, భారమంతా ఒకే వర్గం మీద వేయడం నాకు అన్యాయంగా తోస్తోంది.

ఇలాంటి చోట్లను ఖర్చుగా చూపాలా, లేక జీవావాసాల్లాగే వాటికీ విడిగా లక్ష్యం పెట్టాలా? పూజలు జరిగే తావులకు అంకె వేయడం సబబేనా?

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2004లో వేట నిషేధ భాగాన్ని 5 శాతం లోపు నుంచి 33 శాతానికి పెంచారు. 2030 నాటికి నేల, సముద్రాల్లో 30 శాతాన్ని కాపాడాలనే ప్రపంచ లక్ష్యం వల్ల అందరికీ తొందరే. ఏ విలువకు ఎంత బరువో తీరవాసులే తేల్చిన పద్ధతి ఎవరైనా వాడారా? ఏకాభిప్రాయం రాకపోతే ఏం చేశారు?