ఎర్రకారం దోసె: కారం పూయగానే మెత్తబడుతోంది, ఏం చేయాలి?

కడప, కర్నూలు వాళ్లు కాస్త చెప్పండి. 3 గ్లాసుల బియ్యం, గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు. పిండి బాగానే పులుస్తోంది, దోసెతో పేచీ లేదు. కారానికి 12 ఎండుమిర్చి వేడినీళ్లలో నానబెట్టి, 2 ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), 6 తెల్లగడ్డ (వెల్లుల్లి) పాయలు, ఉప్పు వేసి మిక్సీలో రుబ్బుతున్నా. కాసేపటికే గిన్నె అంచున ఎర్రటి నీళ్లు తేలుతున్నాయి. ఉప్పు తగిలితే ఎర్రగడ్డ నీరొదులుతుంది కదా. అది పూస్తే దోసె నడుమ తడిసి పెనానికి అంటుకుంటోంది, పైన చల్లిన పప్పులపొడి (పుట్నాల పొడి) ముద్ద కడుతోంది. ఉప్పు చివర్లో కలపాలా? ఎర్రగడ్డ వేయించి రుబ్బితే నీరు తగ్గుతుంది గానీ పచ్చి ఘాటు పోతుంది, అదిలేకపోతే ఎర్రకారం ఎందుకు? హోటళ్లలో పచ్చిదే పూస్తారా, నూనెలో మగ్గబెడతారా? దోసె ఎంత కాలాక పూయాలి? బొంబాయి చట్నీ మాత్రం చెప్పక్కర్లేదు, అది వచ్చు.