తాతగారి దొడ్డి బాగు చేయించి, ఆ కలపతోనే ఇల్లు కట్టుకోవాలని ఉంది

ప్రశ్న (అంబాజీపేట దగ్గర నుంచి)

నమస్కారమండి. మా తాతగారి దొడ్డి 60 సెంట్లు. పదేళ్ళుగా ఎవరూ అడుగుపెట్టక తుప్పలు పట్టి అడవైపోయింది. నాలుగు టేకులు, రెండు వేపలు, కాలువ గట్టున పెద్ద నిద్రగన్నేరు, సరిహద్దంతా తాడిచెట్లు, చచ్చిన కొబ్బరి మోళ్ళు ఓ డజను. సంక్రాంతి వెళ్ళాక కొట్టించి, వేసవిలో పెంకుటిల్లు మొదలెడదామని మా ఆవిడా నేనూ అనుకుంటున్నాం. కోత మిల్లుకి తోలించాలా, మిషను ఇక్కడికే రప్పించాలా?

జవాబు (పాలకొల్లు, వడ్రంగి)

సంక్రాంతికి కొట్టిన చెట్టుని వేసవికి వాడకండి, దయచేసి. ముప్పై ఏళ్ళ పనివాణ్ణి, నా సొంత ఇంటికే తొందరపడ్డాను. పచ్చి వేపతో వీధి గుమ్మం నిలబెడితే రోహిణీకార్తె ఎండలకి మెలితిరిగి, గోడకీ దానికీ మధ్య వేలు దూరేంత సందు తీసింది. గడియ పడేది కాదు. మూడేళ్ళపాటు మా ఆవిడ రాత్రిళ్ళు తలుపుకి రోకలి అడ్డం పెట్టి పడుకుంది.

కొట్టిన వెంటనే మిల్లులో పలకలు కోయించేయండి. చేతి మిషను కోత సూటిగా రాదు, పొట్టు కింద పోయేదీ ఎక్కువే. చివళ్ళకి పాత రంగు పూయండి, తడి అక్కణ్ణించే గబగబా ఆరి బీట తీస్తుంది. ఇటుకల మీద అడుగెత్తున, పలకకీ పలకకీ మధ్య అంగుళం పుల్లలు ఒకదాని నెత్తిన ఒకటి వచ్చేలా పెట్టి, గాలాడే నీడలో పేర్చండి. అంగుళం మందానికి ఏడాది అని లెక్క. మన వైపు గాలిలోనే చెమ్మ, అందులో తగ్గించుకోవద్దు.

టేకులో చేవే, అంటే లోపలి ముదురు చెక్కే గుమ్మాలకి. చుట్టూ ఉండే తెల్లచెక్కని చెదలు వదలవు. లేత చెట్టయితే చేవ సన్నం, ఇంకొన్నేళ్ళు ఉండనివ్వండి. తాడికి బలమంతా బెరడు వైపే, లోపలిది మెత్తన, వాసాలకి పనికిరాదు. నిద్రగన్నేరు బల్లలకి బాగుంటుంది. కంచె పక్క చెట్ల మొదట్లో పాత ముళ్ళతీగ కూరుకుపోయి ఉంటుంది, వెతికి తీశాకే మిల్లుకి పంపండి. రంపం తెగితే కోసేవాడి ప్రాణానికే ముప్పు.

జవాబు (రావులపాలెం)

సొంత దొడ్డిలోవే అయినా, 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద ముందు అనుమతి తీసుకోండి. టేకు దుంగలు బండెక్కించాలంటే రవాణా పర్మిట్టు వేరే. అది లేక మా ట్రాక్టరు ఒక రాత్రంతా రోడ్డు పక్కనే ఉండిపోయింది.

జవాబు (రాజోలు, కొబ్బరి రైతు)

మోళ్ళు పడగొట్టి మూలన పోగెయ్యకండి. కొబ్బరి మొవ్వుని తొలిచే కొమ్ము పురుగు కుళ్ళిన మానులో గుడ్లు పెడుతుంది. మా దొడ్డిలో ఒక మోడు చీలిస్తే బొటనవేలంత తెల్ల పురుగులు చుట్టచుట్టుకుని పదిహేను పైనే కనిపించాయి, పక్క చెట్ల మొవ్వాకులు అప్పటికే కత్తెరేసినట్టు ఉన్నాయి. మొదళ్ళతో సహా తవ్వించి కాల్చేయండి. మందు వివరాలు మీ దగ్గర అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి. సరిహద్దు తాడిచెట్లు మాత్రం కొట్టొద్దండి. 1996 నవంబరు తుపాను చూసినవాణ్ణి, గాలికి అడ్డం అవే.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండి. తాడిచెట్లు ఉంచేస్తాం. టేకుల్లో లావువి రెండే కొట్టిస్తాం, ఇల్లు ఆ పై ఏడాదికే. పలకలకి పాత పశువులపాక ఉంది, పడమర వైపు గోడ లేదు. సరిపోతుందా?

పాలకొల్లు, వడ్రంగి

సరిపోతుందండి. సాయంత్రపు ఎండ నేరుగా తగలకుండా ఆ వైపు తాటాకు దడి కట్టించండి, కాస్త పల్చగా, గాలి దూరేలా.