ఏజెంట్ ఉన్న ఫంక్షన్‌నే మళ్లీ రాస్తోంది, టూల్ వివరణలో తప్పెక్కడ?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

అందరికీ నమస్కారం. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల పద్దుల కోసం మేం ముగ్గురం కలిసి ఒక సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. మా రిపాజిటరీ (కోడ్ ఫైళ్లన్నీ ఉండే చోటు) మీద పనిచేయడానికి ఒక ఏఐ ఏజెంట్ పెట్టుకుని, అది పిలిచి వాడుకోవడానికి మూడు టూల్స్ ఇచ్చాను: సెర్చ్, రీడ్, ఎడిట్. ఒక్కో టూల్‌కు అదేం చేస్తుందో చెప్పే వివరణ రాయాలి. సెర్చ్ వివరణలో "ఫైళ్లలో వెతుకుతుంది" అని మాత్రమే రాశాను. మొన్న బస్తాల లెక్కలో పైసల తేడా సరిచేయమంటే అది 'బ్యాగ్' అని వెతికింది. ఏమీ దొరకలేదు. అలాంటి ఫంక్షనే లేదనుకుని కొత్తది రాసేసింది. మా కోడ్‌లో అది 'టిక్కీ' (మిర్చి బస్తా) పేరుతో ఉంది. ఇప్పుడు ఒకే లెక్క రెండు చోట్ల ఉంది. రైతుకు చేరే డబ్బు కాబట్టి టెన్షన్‌గా ఉంది. ఏజెంట్‌ను నడిపే ఏఐ మోడల్ మార్చాలా, వివరణ మార్చాలా?

జవాబు (విజయవాడ, ఆటోనగర్)

ముందు వివరణ మార్చండి. మీ టూల్ లోపల ఏ కోడ్ ఉందో మోడల్‌కు కనిపించదు. టూల్ పేరు, వివరణ, ఏ పారామీటర్‌లో (టూల్‌కు ఇచ్చే విలువలో) ఏమివ్వాలో చెప్పే మాటలు, ఇంతే దానికి అందేది. మా వైపు స్పేర్ పార్ట్స్ కొట్టులో కొత్తగా చేరిన కుర్రాడికి పెట్టె మీద రాసిందే ఆధారం. 'బేరింగ్' అని రాసి ఊరుకుంటే ఏ బండిదో వాడికెలా తెలుస్తుంది?

నేనైతే సెర్చ్‌కు ఇలా రాస్తాను (అసలుది ఇంగ్లీషులోనే రాస్తాను, ఇక్కడ అర్థం కోసం తెలుగులో):

"ఇచ్చిన అక్షరాలు ఫైళ్ల లోపల ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కడున్నాయో చూపిస్తుంది. అర్థాన్ని బట్టి వెతకదు. ఫైళ్ల పేర్లలో వెతకదు. గిట్‌కు (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) వదిలేయమని చెప్పిన ఫోల్డర్లలోకి వెళ్లదు. మొదటి 50 ఫలితాలే ఇస్తుంది. ఏమీ రాకపోతే ఆ అక్షరాలు అలాగే లేవని మాత్రమే అర్థం, ఆ పని చేసే కోడ్ లేదని కాదు. కొత్తది రాసే ముందు వేరే పేర్లతో వెతుకు. ఈ కోడ్‌లో బస్తాను టిక్కీ అని, తూకాన్ని కాటా అని రాస్తారు."

ఇందులో "ఏమీ రాకపోతే" అన్న వాక్యమే మీ సమస్యకు అసలు మందు. టూల్ ఏం చేస్తుందో అందరూ రాస్తారు. ఏం చేయదో, ఖాళీ ఫలితానికి అర్థమేమిటో రాయరు. అదే మాట ఫలితంలో కూడా పెట్టండి: ఉత్త ఖాళీ జాబితా పంపకుండా "0 ఫలితాలు, వేరే పదంతో ప్రయత్నించు" అని పంపండి. సరిగ్గా అవసరమైన చోట అది మోడల్ కళ్లబడుతుంది.

ఎడిట్ సంగతి: ఫైల్‌లోని పాత టెక్స్ట్ ఇచ్చి దాని స్థానంలో కొత్తది పెట్టే రకమైతే, ఖాళీలు, ట్యాబులతో సహా అక్షరం తేడా లేకుండా ఇవ్వాలని, అది ఫైల్‌లో ఒక్కచోటే ఉండాలని, ముందు రీడ్‌తో చదవాలని రాయండి.

ఇంకో జవాబు (గుంటూరు, అరండల్‌పేట)

అక్క చెప్పిందాంట్లో ఒక్క దగ్గర నాది వేరే మాట. టిక్కీ, కాటా సెర్చ్ టూల్ గుణాలు కావు, మీ రిపాజిటరీవి. అదే టూల్ రేపు ఇంకో ప్రాజెక్టుకు పెడితే తప్పుదారి పట్టిస్తుంది. ఆ మాటలు రిపాజిటరీలో ఏజెంట్ చదువుకునే ఏజెంట్స్ డాట్ ఎండీ లాంటి సూచనల ఫైల్‌లో ఉండాలి.

ఇంకొకటి. వివరణ తాళం కాదు. "మెయిన్ బ్రాంచ్‌లోకి (అందరూ వాడే అసలు కోడ్‌లోకి) పుష్ చేయవద్దు" అని రాసి నిశ్చింతగా ఉండకండి, ఆ అనుమతే ఇవ్వకండి. 2024 డిసెంబర్‌లో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ రాసిన ఒక వ్యాసంలో మంచి ఉదాహరణ ఉంది. వాళ్ల కోడింగ్ ఏజెంట్ మూల ఫోల్డర్ నుంచి పక్కకు వెళ్లాక, సగం దారి మాత్రమే ఇచ్చే ఫైల్ చిరునామాలతో తప్పులు చేసేది. ఎప్పుడూ పూర్తి చిరునామాయే ఇవ్వాలని టూల్‌నే మార్చేశారు, ఆ తప్పులు పోయాయి.

జవాబు (విజయవాడ, ఆటోనగర్)

నిజమే, పదాల పట్టిక అక్కడే ఉండాలి. నా నమూనాలో చివరి వాక్యం తీసేయండి. మార్చాక మీరు నిజంగా చేయించుకునే పనులు ఓ పది తీసుకుని, ప్రతిసారీ అది మొదట ఏ టూల్ పిలిచిందో, ఏమిచ్చి పిలిచిందో లాగ్‌లో (అది చేసినవన్నీ నమోదయ్యే చోట) చదవండి. ఒకసారికి ఒక్క వివరణే మార్చండి, లేకపోతే దేనివల్ల బాగైందో తెలియదు.

ప్రశ్న అడిగినవారు (గుంటూరు, బ్రాడీపేట)

థాంక్స్ అక్కా, అన్నా. మీరు చెప్పినట్టు మార్చి అదే పని మళ్లీ చేయించాను. ఈసారి 'బ్యాగ్' అని వెతికి, సున్నా రాగానే 'టిక్కీ' అని వెతికి, పాత ఫంక్షన్‌నే సరిచేసింది. రెండోది తీసేశాం. కానీ లాగ్ చదువుతుంటే కొత్త సంగతి బయటపడింది. 'కాటా'ను ఇంగ్లీషు అక్షరాల్లో నేను ఒక 'ఎ'తో రాశాను, మా వాడు రెండు 'ఎ'లతో రాశాడు. వెతికితే సగం ఫైళ్లే వస్తున్నాయి. ఈ రాత్రి కూర్చుని ఆ పేర్లన్నీ ఒకటి చేస్తున్నాం.